తీగ లేని మాటకు దారి చూపిన జగదీశ్ చంద్ర బోస్

ఇవాళ ఏ సభకు వెళ్లినా వేదిక మీద తీగ లేని మైకు కనిపిస్తుంది. మనం దానిని కార్డ్‌లెస్ మైకు అంటాము. ఆ మైకు పట్టుకొని మాట్లాడేవారిని అందరూ చూస్తారు. మాట వినిపించే స్పీకర్ బాక్సులనూ చూస్తారు. ఆ రెండింటి మధ్య గోడకు బిగించి ఉన్న యాంటెన్నాను మాత్రం ఎవరూ పట్టించుకోరు. మైకులో పలికిన మాట కంటికి కనపడని తరంగంగా మారి వచ్చి చేరేది ఆ యాంటెన్నా దగ్గరికే. అక్కడ సరిగా అందకపోతే ఎంత ఖరీదైన ఆంప్లిఫయర్ ఉన్నా ప్రయోజనం లేదు.

ఆ యాంటెన్నాను ఎంత ఎత్తులో పెట్టాలి? ఎటు తిప్పాలి? ఎంత వంచాలి? ఇనుముకు ఎందుకు దూరంగా ఉంచాలి? ఈ ప్రశ్నల వెనుక ఉన్న శాస్త్రాన్ని సుమారు 130 సంవత్సరాల క్రితం కలకత్తాలో ఒక ఇరుకు గదిలో కూర్చొని పరిశోధించిన భారతీయుడు ఒకరున్నారు. ఆయనే ఆచార్య జగదీశ్ చంద్ర బోస్. మొక్కలకు ప్రాణం ఉందని చెప్పిన శాస్త్రవేత్తగా మన పాఠ్యపుస్తకాలలో ఆయనను చదువుకున్నాము. కానీ మొక్కల కంటే ముందు ఆయన పనిచేసింది తరంగాల మీద. ఆ కథ మన హాస్టల్ పిల్లలందరూ తెలుసుకోదగినది.

బాల్యం

జగదీశ్ చంద్ర బోస్ 1858 నవంబర్ 30న మైమెన్‌సింగ్‌లో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్ర బోస్, తల్లి బామాసుందరీదేవి. తండ్రి ప్రభుత్వోద్యోగి, డిప్యూటీ మేజిస్ట్రేట్‌గా పనిచేశారు. ఆ రోజుల్లో అంతటి హోదా ఉన్నవారు తమ పిల్లలను ఇంగ్లీషు బడికి పంపడం గౌరవంగా భావించేవారు. భగవాన్ చంద్ర మాత్రం కొడుకును ముందు బెంగాలీ బడిలోనే చేర్పించారు. మాతృభాష రాకుండా, తన చుట్టూ ఉన్న మనుషులు తెలియకుండా పరాయి భాష నేర్చుకోవడం సరికాదని ఆయన నమ్మకం.

ఆ బడిలో బాల జగదీశ్‌కు ఒక పక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం నౌకరు కొడుకు, మరో పక్క ఒక జాలరి కొడుకు కూర్చునేవారు. చేపల గురించి, పక్షుల గురించి, నీటి జంతువుల గురించి వాళ్లు చెప్పే కబుర్లు ఆయన నోరు తెరుచుకొని వినేవారు. ప్రకృతి మీద ఆసక్తి తనకు అక్కడే పుట్టిందని పెద్దయ్యాక కూడా గుర్తు చేసుకున్నారు. ఆ స్నేహితులు ఇంటికి వస్తే తల్లి తేడా చూపకుండా అందరికీ కలిపే తినడానికి పెట్టేవారు. ఆమె ఆచారం బాగా పాటించే మనిషి. అయినా పిల్లల దగ్గర అంటు, ముట్టు అనే మాట రానివ్వలేదు. 1860ల నాటి మాట ఇది. పక్కన కూర్చొని తినడం ఎంత పెద్ద విషయమో హాస్టల్ పిల్లలమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.

తండ్రి నుంచి ఆయనకు మరొకటి కూడా వచ్చింది. చేతి పని మీద గౌరవం. బర్ద్వాన్‌లో జ్వరాలు వ్యాపించి ఎందరో పిల్లలు అనాథలైనప్పుడు భగవాన్ చంద్ర వారికోసం వడ్రంగం, లోహపు పని నేర్పే కార్ఖానాలు పెట్టించారు. రంపం, సుత్తి, ఆకురాయి శబ్దాల మధ్య జగదీశ్ తిరిగారు. ఆ శబ్దాలు ఆయన జీవితమంతా వెంట వచ్చాయి.

చదువు

1869లో ఆయన కలకత్తా హేర్ స్కూల్‌లో చేరారు. తరువాత సెయింట్ జేవియర్స్ స్కూల్‌కు మారారు. అక్కడ చాలామంది పిల్లలు ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. బెంగాలీ బడి నుంచి వచ్చిన పిల్లవాడికి మొదట్లో ఎంత బెరుకుగా ఉంటుందో తెలుగు మీడియంలో పదో తరగతి చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషు పుస్తకాలు చేతికి తీసుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆయన వెనకడుగు వేయలేదు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఫాదర్ లఫాంట్ అనే అధ్యాపకుడు ప్రయోగాలు చేసి చూపిస్తూ భౌతికశాస్త్రం బోధించేవారు. బోర్డు మీద సూత్రం రాయడంతో సరిపెట్టక బల్ల మీద చేసి చూపించే ఆ పద్ధతి జగదీశ్‌ను ఆకట్టుకుంది. 1879లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. పట్టా పొందారు.

ఈ సమయానికి ఇంట్లో ఇబ్బందులు మొదలయ్యాయి. దేశీయ పరిశ్రమలను ప్రోత్సహించాలని తండ్రి పెట్టిన పెట్టుబడులు నష్టపోయాయి. అప్పులు పెరిగాయి. అయినా తల్లి తన నగలు ఇవ్వడానికి సిద్ధపడి కొడుకు విదేశీ చదువుకు దారి చూపించారు. 1880లో జగదీశ్ వైద్యం చదవడానికి లండన్ వెళ్లారు. కానీ అంతకుముందే పట్టుకున్న జ్వరం ఆయనను వదలలేదు. శవపరీక్ష గదిలోని వాసనకు ఆరోగ్యం మరింత దెబ్బతింది. వైద్య విద్య మానుకోవలసి వచ్చింది.

అక్కడితో ఆగిపోయి ఉంటే మనం ఆయన పేరు వినేవాళ్లం కాదు. బావగారైన ఆనందమోహన్ బోస్ సహాయంతో ఆయన కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కాలేజీలో ప్రకృతి శాస్త్రాలు చదవడానికి చేరారు. లార్డ్ రేలీ వంటి గొప్ప భౌతికశాస్త్రవేత్త దగ్గర ప్రయోగ విధానం నేర్చుకున్నారు. 1884లో కేంబ్రిడ్జి నుంచి బి.ఏ., లండన్ విశ్వవిద్యాలయం నుంచి బి.ఎస్సీ. పట్టాలతో స్వదేశానికి బయలుదేరారు.

జీతం ముట్టని మూడేళ్లు

1885లో ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా చేరారు. ఆ నియామకం అంత సులభంగా జరగలేదు. భారతీయులు సైన్సు బోధించడానికి పనికిరారని విద్యాశాఖలోని ఆంగ్ల అధికారులు భావించేవారు. వైస్రాయి లార్డ్ రిప్పన్ చెప్పిన మీదట తీసుకున్నారు గాని తాత్కాలిక ఉద్యోగం ఇచ్చారు.

అసలు అవమానం జీతం దగ్గర ఎదురైంది. అదే ఉద్యోగంలో ఇంగ్లీషువారికి ఇచ్చే జీతంలో భారతీయులకు మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. బోస్‌ది తాత్కాలిక నియామకం కనుక అందులోనూ సగం కోశారు. అంటే మూడింట ఒక వంతు. పాఠం అదే, గంట అదే, విద్యార్థులు వారే. మనిషి రంగు మాత్రమే వేరు.

బోస్ ఏమి చేశారు? ఉద్యోగం మానలేదు. ఒక్క క్లాసు ఎగ్గొట్టలేదు. అందరికంటే శ్రద్ధగా పాఠం చెప్పారు. కానీ జీతం మాత్రం తీసుకోలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడు సంవత్సరాలు. ఇంటి దగ్గర తండ్రి అప్పులు ఉన్నాయి. 1887లో అబలా దాస్‌తో వివాహమైంది. ఆమె మన పాత మద్రాసు నగరంలోని మెడికల్ కాలేజీలో కొంతకాలం వైద్యం చదివిన వనిత. కలకత్తాలో అద్దె భరించలేక భార్యాభర్తలు హుగ్లీ నది అవతల చందర్‌నగర్‌లో కాపురం ఉన్నారు. ఆయన పడవలో నది దాటి రైలెక్కి కాలేజీకి వెళ్లేవారు. పడవను ఆమె వెనక్కు నడిపించుకొని వెళ్లేది. కిన్నెరసాని వాగు దాటి బడికి వెళ్లిన మన ప్రాంతపు పిల్లలు ఈ దృశ్యాన్ని తేలికగా ఊహించుకోగలరు.

మూడేళ్ల తరువాత అధికారులు దిగివచ్చారు. ఆయన నియామకాన్ని శాశ్వతం చేసి, గడిచిన కాలానికి కూడా పూర్తి జీతం ఒకేసారి చెల్లించారు. ఆ డబ్బుతో ఆయన తండ్రి అప్పులు తీర్చారు. పని మానకుండా, మాట జారకుండా, తల వంచకుండా చేసిన పోరాటం అది.

చిన్న గది, ఒక రేకు పనివాడు

1894 నవంబర్ 30న తన ముప్పై ఆరవ పుట్టినరోజు నాడు బోస్ ఇక పరిశోధనకే జీవితం ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయనకు ప్రయోగశాల లేదు. దొరికింది ఒక చిన్న గది, 24 చదరపు అడుగులది. అంటే మన హాస్టల్‌లో ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె పెడితే నిండిపోయేంత స్థలం. పరికరాలకు డబ్బు లేదు. విదేశాల నుంచి తెప్పించే మార్గం లేదు.

ఆయన ఒక రేకు పనివాడిని కుదుర్చుకున్నారు. డబ్బాలు, గరాటులు చేసే మనిషి. చదువు లేదు. బోస్ కాగితం మీద బొమ్మ గీసి వివరిస్తే అతను కత్తిరించి, వంచి, అతికించి ఇచ్చేవాడు. సరిపోకపోతే మళ్లీ చేసేవారు. ప్రపంచ శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచిన పరికరాలు ఆ ఇద్దరి చేతుల మీదుగా తయారయ్యాయి. బొమ్మ గీసిన చేయి, రేకు కత్తిరించిన చేయి రెండూ కలిస్తేనే ప్రయోగం నడిచింది.

అప్పటికి ఈ రంగంలో జరిగినది క్లుప్తంగా చెప్తాను. విద్యుత్తు, అయస్కాంతత్వం కలిసి తరంగాలుగా ప్రయాణిస్తాయని స్కాట్లాండ్‌కు చెందిన మాక్స్‌వెల్ 1860లలో గణితంతో చూపించారు. జర్మనీలో హెర్ట్జ్ 1887, 1888లలో వాటిని ప్రయోగశాలలో పుట్టించి నిరూపించారు. ఆయన 1894 జనవరి 1న, ముప్పై ఆరేళ్ల వయస్సులోనే మరణించారు. హెర్ట్జ్ పని గురించి ఆలివర్ లాడ్జ్ చేసిన ఉపన్యాసాన్ని చదివి బోస్ ఈ రంగంలోకి వచ్చారు.

హెర్ట్జ్ వాడిన తరంగాలు పొడవైనవి. తరంగం పొడవుగా ఉంటే అద్దాలు, పట్టకాలు కూడా పెద్దవి కావాలి. అంత పెద్ద పరికరాలు ఆ గదిలో పట్టవు. అందుకే బోస్ తరంగాన్నే చిన్నది చేశారు. సుమారు 5 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు తీసుకొచ్చారు. ఈ నాటి లెక్కలో అది 60 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం. అప్పుడు పరికరాలన్నీ ఒక చిన్న బల్ల మీద పట్టాయి. పేదరికం తెచ్చిన ఇరుకును ఆయన శాస్త్రానికి అనుకూలంగా మార్చుకున్నారు.

తరంగదైర్ఘ్యానికి, పరికరం కొలతకు ఉన్న ఈ సంబంధమే మన మైకు యాంటెన్నా పొడవును కూడా నిర్ణయిస్తుంది. 600 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే కార్డ్‌లెస్ మైకు తరంగదైర్ఘ్యం 50 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు పన్నెండున్నర సెంటీమీటర్లు. రిసీవర్ వెనుక ఉండే పుల్ల యాంటెన్నా సుమారు అంతే ఉంటుంది. సెట్టు కొన్నవారు పొడవైతే బాగా లాగుతుందని వేరే పుల్ల తగిలించడం నేను చూశాను. అది సరికాదు. ఏ పౌనఃపున్యానికి ఆ పొడవే ఉండాలి.

గరాటు నుంచి గోడ మీది యాంటెన్నా దాకా

1895లో కలకత్తా టౌన్ హాలులో బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ సమక్షంలో బోస్ ఒక ప్రదర్శన ఇచ్చారు. ఒక చోట తరంగాలను పుట్టించారు. అవి గోడలు దాటి వెళ్లి, తీగ సంబంధం ఏమీ లేకుండా దూరంగా ఉన్న గంటను మోగించాయి, తుపాకి మందును పేల్చాయి. చూసినవారు దిగ్భ్రాంతి చెందారు. అదే సంవత్సరం మే నెలలో ఆయన మొదటి పరిశోధనా పత్రం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీలో వెలువడింది. 1896లో లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డి.ఎస్సీ. ఇచ్చింది. 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన తన రేకు పరికరాలతోనే ప్రసంగించారు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నేను ఈ ములకలపల్లి హాస్టల్‌లో చదువుకున్నవాడిని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడిని. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేశాను. సెలవుల్లో మైక్ సెట్ పనికి వెళ్లి నాలుగు డబ్బులు సంపాదించుకునేవాడిని. అక్కడ చేతితో చేసిన పని వెనుక ఉన్న కారణం నాకు బోస్ ప్రయోగాలు చదివినప్పుడు అర్థమైంది. అందుకని ఆయన ప్రయోగాలను మన గోడ మీది యాంటెన్నాతో కలిపి చెప్తాను.

బోస్ తన పరికరంలో తరంగాలను పోగుచేయడానికి రేకుతో గరాటు ఆకారం చేశారు. దానిని ఇప్పుడు హార్న్ యాంటెన్నా అంటున్నారు. మన ఇళ్ల మీద డిష్ చూడండి. గిన్నె ముందు చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. దాని మూతి లోపల ఉన్నది అటువంటి గరాటే. గరాటు మూతి ఎటు ఉంటే అటునుంచి వచ్చే తరంగాన్నే అది బాగా అందుకుంటుంది. గోడకు బిగించే చదునైన బల్లపరుపు యాంటెన్నాలు కూడా ఇలాగే ఒక దిక్కును ఎక్కువగా చూస్తాయి. వాటి మీద సాధారణంగా బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం వేదిక వైపు ఉండాలి. గోడకు చేర్చి పెట్టాం కదా అని జనం వైపో, తలుపు వైపో వదిలేస్తే లాభం లేదు.

బోస్ సన్నని తీగలను వరుసగా బిగించి ఒక జాలీ చేశారు. తరంగం కంపించే దిశలోనే ఆ తీగలు ఉంటే తరంగం ఆగిపోయేది. జాలీని అడ్డంగా తిప్పితే దాటిపోయేది. మన భోజనశాల కిటికీలకు ఇనుప ఊచలు ఉంటాయి. అవి నిలువుగా పట్టుకున్న మైకుకు సరిగ్గా ఈ జాలీలా పనిచేస్తాయి. అందుకే కిటికీ అవతల వరండాలో యాంటెన్నా పెట్టకూడదు. ఇటుక గోడ తరంగాన్ని బలహీనం చేస్తుంది గాని పూర్తిగా ఆపదు. ఇనుప బీరువా, రేకుల కప్పు, షట్టర్ మాత్రం వెనక్కు కొట్టేస్తాయి. రేకుల షెడ్డులో యాంటెన్నాను కప్పుకు ఆనించకుండా కనీసం ఒక మీటరు దూరంగా దించి బిగించాలి.

మరో ప్రయోగం ఇంకా సరదాగా ఉంటుంది. ఆయన రైల్వే టైమ్ టేబుల్ పుస్తకాన్ని తరంగానికి అడ్డుపెట్టి చూశారు. పుస్తకాన్ని ఒక విధంగా పట్టుకుంటే తరంగం దాటింది, తొంభై డిగ్రీలు తిప్పితే దాటలేదు. తరువాత బెంగాల్‌లో విరివిగా దొరికే జనపనారను కట్టగా మెలిపెట్టి అడ్డుపెట్టారు. మెలి ఎటు ఉంటే తరంగం కంపించే దిశ అటు తిరిగింది. తరంగం ఒక నిర్ణీత తలంలోనే కంపించడాన్ని మన పుస్తకాలలో ధ్రువణం అంటారు. ఇంటర్‌లో కాంతి పాఠంలో చదివి పరీక్ష అయిపోగానే మరిచిపోతాము. కానీ గోడ మీది యాంటెన్నాకు ప్రాణం అక్కడే ఉంది.

మైకు పట్టుకున్న మనిషి దానిని నిలువుగా ఉంచడు. మాట్లాడుతూ వంచుతాడు, పాట పాడుతూ అడ్డంగా తిప్పుతాడు. దానితోపాటు తరంగం కంపించే దిశ కూడా తిరుగుతుంది. రెండు యాంటెన్నాలనూ నిలువుగా పెడితే మైకు అడ్డంగా వచ్చినప్పుడు రెండూ ఒకేసారి బలహీనపడతాయి. కాబట్టి ఒకదానిని ఎడమకు 45 డిగ్రీలు, మరొకదానిని కుడికి 45 డిగ్రీలు వంచి ఉంచాలి. అప్పుడు మైకు ఎటు తిరిగినా ఏదో ఒకటి అందుకుంటుంది. రిసీవర్ ఏ క్షణానికి ఏది బాగుంటే దానిని ఎంచుకుంటుంది.

రెండు యాంటెన్నాలు ఎందుకనే దానికి ఇంకొక కారణం కూడా ఉంది. తరంగాలు కాంతిలాగే పరావర్తనం, వక్రీభవనం చెందుతాయని బోస్ అద్దాలతో, గాజుతో, గంధకంతో చేసి చూపించారు. హాలులో కూడా మైకు తరంగం నేరుగా కొంత, గోడలకు తగిలి కొంత వస్తుంది. ఆ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిసిన చోట తరంగం మాయమవుతుంది. మనిషి ఒక అడుగు పక్కకు వేస్తే మళ్లీ వస్తుంది. ఒక యాంటెన్నా అలాంటి చోట పడినా రెండోది పడకుండా రెండింటి మధ్య ఒక మీటరు ఎడం ఉంచడం మంచిది.

ఎత్తు సంగతి తేలికైనది. మనిషి శరీరంలో నీరు ఎక్కువ. అది ఈ తరంగాలను పీల్చుకుంటుంది. ఖాళీ హాలులో చక్కగా పనిచేసిన మైకు జనం నిండగానే తడబడేది ఇందువల్లే. కాబట్టి యాంటెన్నా నిలబడిన మనుషుల తలల కంటే పైన, ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తులో ఉండాలి. వేదిక నుంచి చూస్తే కంటికి కనపడాలి. మైకు కనపడితే తరంగం అందుతుందని పాత పనివాళ్లు అనుకునే లెక్క చాలా వరకు నిజమే. ఇక కేబుల్‌ను వీలైనంత పొట్టిగా ఉంచాలి. ఈ పౌనఃపున్యాల దగ్గర పది మీటర్ల సన్న కేబుల్‌లోనే సగానికి పైగా శక్తి పోతుంది. దూరం తప్పకపోతే లావు కేబుల్ వాడాలి. యాంటెన్నాకు తగిన 50 ఓమ్‌ల కేబులే తీసుకోవాలి. మూలల దగ్గర విరిచినట్లు వంచకూడదు.

గోడకు రంధ్రం వేసి స్క్రూలు బిగించే ముందే ఒక పరీక్ష చేయాలి. యాంటెన్నాను కర్రకు కట్టి అనుకున్న చోట నిలబెట్టాలి. ఒకరు మైకుతో అంకెలు లెక్కపెడుతూ వేదికంతా నడవాలి. ఇంకొకరు రిసీవర్ మీది దీపాలను చూడాలి. దీపాలు ఎక్కడ తగ్గాయో సుద్దముక్కతో అక్కడ గుర్తు పెట్టాలి. యాంటెన్నాను కొద్దిగా జరిపి, కొద్దిగా తిప్పి మళ్లీ నడవాలి. గుర్తులు తగ్గినప్పుడే గోడకు బిగించాలి. బోస్ తన బల్ల మీద చేసినది కూడా ఇదే. ఒకసారికి ఒకటే మార్చడం, ఫలితం చూడడం, రాసుకోవడం.

ఇదంతా చిన్న విషయమని కొందరు అనుకోవచ్చు. ఒక వార్షికోత్సవంలో ఆరో తరగతి అమ్మాయి మొదటిసారి మైకు పట్టుకొని మాట్లాడుతుండగా మాట తెగి తెగి వచ్చింది. కింద పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి ఏడుస్తూ దిగిపోయింది. ఆ తరువాత ఎన్నిసార్లు పిలిచినా వేదిక ఎక్కలేదు. అందులో ఆమె తప్పు ఏమీ లేదు. మన పిల్లలకు మైకు చేతికి రావడమే అరుదు. వచ్చినప్పుడు ఆ మాట చివరి వరుస దాకా చేరాలి. గోడ మీది యాంటెన్నా దానికోసమే.

పేరు, డబ్బు

రేడియో అనగానే మార్కోనీ పేరు చెప్తారు. ఆయన తరంగాలతో సందేశాలను దూరదూరాలకు పంపి, 1901 డిసెంబర్‌లో అట్లాంటిక్ మహాసముద్రం దాటించారు. 1909లో ఆయనకు, బ్రౌన్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మార్కోనీ లక్ష్యం సందేశం. బోస్ లక్ష్యం తరంగ స్వభావం. ఇద్దరి పనీ గొప్పదే. ఒకరిని పొగడడానికి మరొకరిని తగ్గించనవసరం లేదు. అయితే తరంగాలను పసిగట్టే మెరుగైన గ్రాహకాలను తయారుచేయడంలో బోస్ ముందున్నారు. ఇనుము, పాదరసం కలిపి తయారుచేసిన గ్రాహకాన్ని ఆయన 1899లో ప్రకటించారు. గెలీనా అనే సీసపు ఖనిజంతో మరొకటి చేశారు. దానికి 1904లో అమెరికా పేటెంట్ లభించింది. అర్ధవాహక పరికరానికి వచ్చిన తొలి పేటెంట్‌గా దానిని చెప్తారు.

ఆ పేటెంటుకు కూడా ఆయన తనంతట తాను వెళ్లలేదు. సోదరి నివేదిత, అమెరికా మిత్రురాలు సారా బుల్ పట్టుబట్టడంతో ఒప్పుకున్నారు. దానిమీద డబ్బు చేసుకునే ప్రయత్నం చేయలేదు. 1901లో ఒక టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని లాభంలో వాటా ఇస్తానని వచ్చినా తిరస్కరించారు. శాస్త్రం అందరిదీ అన్నది ఆయన అభిప్రాయం. ఇక్కడ ఒకటి గమనించాలి. తనకు న్యాయంగా రావలసిన జీతం కోసం మూడేళ్లు పోరాడిన మనిషే, తన జ్ఞానాన్ని అమ్ముకోనన్నారు. హక్కు వేరు, ఆశ వేరు.

మొక్కలు, సంస్థ, చివరి రోజులు

1900 ప్రాంతం నుంచి ఆయన దృష్టి జీవుల స్పందన వైపు మళ్లింది. మన అడవి దారుల పక్కన అత్తిపత్తి మొక్క ఉంటుంది. ముట్టుకుంటే ముడుచుకుంటుంది. మనం ఆడుకొని వదిలేస్తాము. బోస్ అదే మొక్కకు సున్నితమైన పరికరాలు తగిలించి ఎంతసేపటికి ముడుచుకుంది, ఎంతసేపటికి తేరుకుంది అని కొలిచారు. మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెంచి చూపించే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశారు. ఇంగ్లండులోని కొందరు శరీరధర్మ శాస్త్రవేత్తలు మొదట ఆయన మాట నమ్మలేదు. 1901లో రాయల్ సొసైటీలో ఆయన చదివిన పత్రం అచ్చు కాకుండా ఆగిపోయింది. ఆయన వాదన పెంచుకోలేదు, మరిన్ని ప్రయోగాలు చేశారు. 1920లో అదే రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకున్నది.

ఇంగ్లీషులో ఎంత రాసినా ఆయన మాతృభాషను వదలలేదు. 1896లోనే బెంగాలీలో సైన్సు కథ రాశారు. 1921లో బెంగాలీ వ్యాసాలను పుస్తకంగా తెచ్చారు. 1915లో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి పదవీ విరమణ చేశారు. 1917 నవంబర్ 30న, తన పుట్టినరోజు నాడు, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రారంభించారు. తాను ఒక చిన్న గదిలో పడిన పాట్లు తరువాతి వారు పడకూడదని తాను దాచుకున్నది అందులో పెట్టారు. అబలా బోస్ 1919లో నారీ శిక్షా సమితిని స్థాపించి బాలికల చదువుకు కృషి చేశారు. 1937 నవంబర్ 23న గిరిడిలో జగదీశ్ చంద్ర బోస్ కన్నుమూశారు.

ఆయన వాడిన మిల్లీమీటర్ తరంగాలను ఆ తరువాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు 5జీ ఫోన్ల సాంకేతికతలో వాటి అవసరం వచ్చింది. 2012లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ ఆయన ప్రయోగాలను చారిత్రక మైలురాయిగా గుర్తించింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

బోస్ జీవితం నుంచి మనం తీసుకోవలసినవి చాలా ఉన్నాయి. నాకు ముఖ్యంగా కనిపించింది ఒకటి. మన ఇళ్లలో తాపీ పని, రేకు పని, కరెంటు పని, డప్పు కట్టే పని తెలిసిన చేతులు ఉన్నాయి. చదువుకున్నాక ఆ పనులు చెప్పుకోవడానికి కొందరు మొహమాటపడతారు. చేతి పని తెలియని చదువు సగమే. చదువు తెలియని చేతి పనికి తన విలువ తనకు తెలియదు. ఆ 24 చదరపు అడుగుల గదిలో రెండూ కలిశాయి. మన దగ్గర ఆ రెండూ ఒకే మనిషిలో కలవగలవు.

ఈ వార్షికోత్సవానికి సభా సామగ్రి వచ్చినప్పుడు తొమ్మిది, పది తరగతుల వారు దూరంగా నిలబడి చూడవద్దు. యాంటెన్నా బిగించే అన్న దగ్గరికి వెళ్లండి. నిచ్చెన పట్టుకోండి. ఎందుకు వంచారని అడగండి. సుద్దముక్కతో గుర్తులు మీరే పెట్టండి. నడిచే పరీక్షకు ఆరో తరగతి పిల్లలలో అందరికంటే పొట్టిగా ఉన్న వారి చేతికి మైకు ఇవ్వండి. ఆ బిడ్డ మాట వేదిక ప్రతి మూల నుంచీ తెగకుండా వస్తే, అప్పుడు స్క్రూలు బిగించండి.